ముందు వూఫర్, తర్వాతే పెట్టె: ఇంట్లో టూ-వే స్పీకర్ల జత తయారుచేసుకోవడం ఎలా

స్పీకర్ తయారుచేద్దామనుకున్న చాలామంది చెక్కతో మొదలుపెడతారు. చూడ్డానికి బాగుండే కొలతలతో ఒక పెట్టె చేసి, తర్వాత అందులో పట్టే వూఫర్ (కింది శబ్దాలు పలికే పెద్ద స్పీకర్) కోసం వెతుకుతారు. ఆ వరుస మార్చుకోండి. ముందు వూఫర్‌ని ఎంచుకోవాలి. పెట్టె ఎన్ని లీటర్లుండాలో, బాస్ ఎంత లోతుకు వెళ్తుందో, పై శబ్దాలు పలికే చిన్న ట్వీటర్‌కి ఎక్కడ పని అప్పజెప్పాలో వూఫర్ డేటాషీట్‌లోని (తయారీదారు ఇచ్చే వివరాల పట్టికలోని) అంకెలే చెబుతాయి. వాటిని చదవడం వస్తే మొదటి జతే సంతోషంగా వినగలిగేలా వస్తుంది. ఇది ఊరికే ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు, దీని వెనక లెక్క ఉంది.

ఆ లెక్క మరీ పాతదేమీ కాదు. మనం ఈరోజు వాడే కదిలే కాయిల్, పేపర్ కోన్ ఉన్న స్పీకర్‌కి రూపం ఇచ్చింది 1925లో ఛెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇంజనీర్లు. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు పెట్టె సైజు అంచనా మీదే నడిచింది. 1961లో ఆస్ట్రేలియాలో ఇంజనీర్ నెవిల్ థీల్ ప్రచురించిన పరిశోధన, 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించిన తీరు పరిస్థితిని మార్చేశాయి. అందుకే డేటాషీట్‌లో కనిపించే అంకెల్ని థీల్-స్మాల్ పరామితులు అంటారు.

ఇక్కడ చెప్పేది మూసిన పెట్టెలో ఆరున్నర అంగుళాల వూఫర్, ఒక అంగుళం డోమ్ ట్వీటర్ ఉన్న జత. పోర్ట్ (గాలి బయటికి వచ్చే గొట్టం) ఉన్న పెట్టె కన్నా మూసిన పెట్టె మొదటిసారికి మంచిది. ఒక లీటరు అటూ ఇటూ అయినా శబ్దంలో పెద్ద తేడా రాదు. 1954లో అమెరికాకి చెందిన ఎడ్గర్ విల్చర్ ఈ పద్ధతితోనే, చిన్న పెట్టె నుంచి కూడా లోతైన బాస్ వస్తుందని చూపించాడు. లోపల బంధించిన గాలే కోన్‌కి స్ప్రింగ్‌లా పనిచేస్తుంది.

డేటాషీట్‌లో ఏం చూడాలి

వాట్లు చూసి వూఫర్ కొనకండి. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉండే ఆ అంకె మీ పెట్టె గురించి ఏమీ చెప్పదు. మూడు విలువలు వెతకండి. ఎఫ్‌ఎస్ (Fs) అంటే పెట్టె లేకుండా వూఫర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ. క్యూటీఎస్ (Qts) అంటే ఆ ఊపుని వూఫర్ ఎంత బాగా అదుపు చేసుకోగలదో చెప్పే అంకె, తక్కువైతే అదుపు ఎక్కువ. వీఏఎస్ (Vas) అంటే వూఫర్ సస్పెన్షన్ (కోన్‌ని పట్టి ఉంచే భాగం) ఎంత మెత్తగా ఉందో, అంత మెత్తదనం ఉన్న గాలి పరిమాణం, లీటర్లలో. ఈ మూడూ ఇవ్వని వూఫర్‌ని పక్కన పెట్టేయండి, ఎంత చవకైనా సరే.

ఎఫ్‌ఎస్‌ని డేటాషీట్‌లోనే ఉండే క్యూఈఎస్ (Qes) అనే ఇంకో అంకెతో భాగిస్తే ఆ వూఫర్‌కి ఏ పెట్టె నప్పుతుందో స్థూలంగా తెలుస్తుంది. ఫలితం 50 దగ్గరగానో అంతకన్నా తక్కువగానో ఉంటే మూసిన పెట్టె, 100 దగ్గరగానో అంతకన్నా ఎక్కువగానో ఉంటే పోర్ట్ పెట్టె. మధ్యలో ఉంటే రెండూ నడుస్తాయి.

ఇప్పుడు పెట్టె పరిమాణం. మూసిన పెట్టెలో పెట్టాక మొత్తం సిస్టమ్‌కి వచ్చే క్యూ విలువ (క్యూటీఎస్ లాంటి అదుపు అంకే) 0.707 ఉంటే బాస్ ఉబ్బెత్తు లేకుండా సాఫీగా తగ్గుతుంది. లెక్క ఇలా చేయండి: 0.707ని క్యూటీఎస్‌తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, అందులోంచి 1 తీసేయండి. వీఏఎస్‌ని ఆ సంఖ్యతో భాగిస్తే పెట్టె లోపలి గాలి లీటర్లలో వస్తుంది.

ఉదాహరణకి ఎఫ్‌ఎస్ 45 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.40, వీఏఎస్ 20 లీటర్లు అనుకుందాం. 0.707ని 0.40తో భాగిస్తే సుమారు 1.77, దాని వర్గం 3.12, ఒకటి తీసేస్తే 2.12. ఇరవైని దానితో భాగిస్తే 9.4 లీటర్లు. అదే 1.77తో ఎఫ్‌ఎస్‌ని గుణిస్తే దాదాపు 80 హెర్ట్జ్ వస్తుంది. ఈ స్పీకర్ బాస్ 80 దగ్గర మూడు డెసిబెల్స్ తగ్గి, అక్కడి నుంచి నెమ్మదిగా దిగుతుంది. గది గోడల సాయంతో వినడానికి ఇంకాస్త లోతుగానే అనిపిస్తుంది.

పెద్ద పెట్టె చేస్తే ఎక్కువ బాస్ వస్తుందని చాలామంది నమ్మకం. మూసిన పెట్టెని లెక్కకన్నా పెద్దది చేస్తే క్యూ తగ్గి బాస్ ఇంకా పలచబడినట్టు వినిపిస్తుంది, మరీ చిన్నది చేస్తే మధ్యలో ఉబ్బి ‘బుం’మంటుంది. లెక్కలు చేత్తో చేయడం ఇష్టం లేకపోతే విన్‌ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అంకెలు వేస్తే గ్రాఫ్ గీసి చూపిస్తుంది. కానీ ఒక్కసారైనా కాగితం మీద చేయండి, ఏ అంకె దేన్ని కదిలిస్తుందో అప్పుడే తెలుస్తుంది.

ట్వీటర్ ఎంపిక కాస్త సులువు. దాని సొంత రెసొనెన్స్‌కి (దాని ఎఫ్‌ఎస్‌కి) కనీసం రెట్టింపు ఫ్రీక్వెన్సీ దగ్గర క్రాసోవర్ (శబ్దాన్ని వూఫర్‌కీ ట్వీటర్‌కీ పంచే సర్క్యూట్) పెట్టగలగాలి. దాని సెన్సిటివిటీ (ఒకే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో) వూఫర్ కన్నా ఎక్కువ ఉండాలి, తక్కువ ఉండకూడదు. ఎక్కువైతే రెసిస్టర్లతో తగ్గించుకోవచ్చు. తక్కువైతే పెంచే దారి లేదు.

చెక్క కోత, పెట్టె బిగింపు

మనకి కావాల్సింది 9.4 లీటర్ల గాలి. వూఫర్ మాగ్నెట్, బాస్కెట్, లోపలి అడ్డ బద్ద, క్రాసోవర్ కలిపి సుమారు 1.1 లీటరు ఆక్రమిస్తాయి. అంటే లోపల మొత్తం 10.5 లీటర్లు ఉండాలి. 17 సెం.మీ. వెడల్పు, 21 లోతు, 29.5 ఎత్తు పెడితే సరిగ్గా అంత వస్తుంది. ఈ మూడు కొలతలూ ఒకదానికొకటి రెట్టింపు కాకుండా చూసుకోవాలి. ఎదురెదురు గోడల మధ్య శబ్దం నిలబడిపోయే ఫ్రీక్వెన్సీలు ఒకేచోట పోగుపడకూడదు. ఈ పెట్టెలో అవి దాదాపు 580, 815, 1010 హెర్ట్జ్ దగ్గర విడివిడిగా ఉంటాయి. ఘనం ఆకారంలో పెట్టె చేస్తే మూడూ ఒకచోటే చేరి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది.

18 మి.మీ. ఎండీఎఫ్ (చెక్క పీచుని అదిమి చేసిన) బోర్డు తీసుకోండి. మంచి ప్లైవుడ్ కూడా బాగుంటుంది, తేలిగ్గానూ ఉంటుంది, కానీ మొదటిసారికి ఎండీఎఫ్ అంచులు శుభ్రంగా తెగుతాయి. ఒక్కో పెట్టెకి కావాల్సిన ముక్కలు:

ముందు, వెనక: 20.6 × 33.1 సెం.మీ., రెండు
పక్కలు: 21 × 33.1 సెం.మీ., రెండు
పైన, కింద: 17 × 21 సెం.మీ., రెండు
లోపల అడ్డంగా బిగించే బద్ద: 17 సెం.మీ. పొడవు, ఒకటి

చెక్క అమ్మేచోటే పెద్ద మెషీన్ మీద కోయించుకోవడం నా సలహా. చేతి రంపంతో అర మిల్లీమీటరు తేడా లేకుండా ఇన్ని ముక్కలు కోయడం అలవాటైన వడ్రంగికే కష్టం. ఒకే సైజు ముక్కలన్నీ ఒకే సెట్టింగ్‌లో వరసగా కోయమని అడగండి. కొలత ఒక మిల్లీమీటరు తప్పినా ఫర్వాలేదు, కానీ అన్నీ ఒకేలా తప్పాలి. అప్పుడు మూలలు కలుస్తాయి.

ఎండీఎఫ్ పొడి చాలా సన్నగా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మంచిది కాదు. కోసేటప్పుడు, రంధ్రాలు చేసేటప్పుడు, సాండ్‌పేపర్ రుద్దేటప్పుడు మంచి మాస్క్ పెట్టుకోండి, వీలైతే ఆరుబయట చేయండి.

ముందు పలకలోని గుండ్రటి రంధ్రాలు దాన్ని అతికించక ముందే కోసేయండి. రౌటర్‌కి (చెక్కని తొలిచే యంత్రానికి) దాన్ని గుండ్రంగా తిప్పే సర్కిల్ జిగ్ తగిలిస్తే పని అందంగా వస్తుంది. జిగ్‌సాతోనూ చేయొచ్చు, వూఫర్ ఫ్రేమ్ అంచు చిన్న వంకరల్ని కప్పేస్తుంది. రంధ్రం సైజు డేటాషీట్ నుంచి తీసుకోండి, వూఫర్ చేతికొచ్చాక స్కేలుతో మళ్లీ కొలవండి. ట్వీటర్‌నీ వూఫర్‌నీ ఫ్రేములు తగలకుండా ఎంత దగ్గరగా పెట్టగలిగితే అంత మంచిది. 2500 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 14 సెం.మీ. కూడా ఉండదు. రెండూ దూరమైతే మీరు కొంచెం కిందికి వంగినా, లేచినా శబ్దం మారిపోతుంది.

ముందుగా పక్కలు, పైన, కింద ముక్కల్ని తెల్ల కలప జిగురుతో అతికించి క్లాంప్‌లు బిగించండి. మూలమట్టం పెట్టి చూసుకోండి. జిగురు ఆరాక అడ్డ బద్దని పక్క గోడల మధ్య, సరిగ్గా నడిమికి కాకుండా కొంచెం పైకో కిందికో అతికించండి. తర్వాత వెనక పలక, చివర ముందు పలక. క్లాంప్ బిగించినప్పుడు కీలు పొడవునా జిగురు సన్నగా బయటికి రావాలి. రాలేదంటే అక్కడ గాలి లీకవుతుందన్నమాట. అన్నీ ఆరాక లోపలి కీళ్ల మీద ఇంకోసారి వేలితో జిగురు పూయండి. మూసిన పెట్టెకి గాలి బిగువు చాలా ముఖ్యం. రంగు తర్వాత ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు, లీకు అలా కాదు.

లోపల పాలిస్టర్ దూదిని మరీ కూరకుండా వదులుగా నింపండి. అది నిలబడే తరంగాల్ని పీల్చుకుంటుంది, పైగా పెట్టె కొంచెం పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. గ్లాస్‌వూల్ కూడా పనిచేస్తుంది గానీ దాని పీచు చర్మానికీ కళ్లకీ మంట పెడుతుంది.

క్రాసోవర్

స్పీకర్ మంచిదో కాదో తేలేది ఇక్కడే. ఓపిక ఎక్కువ పెట్టాల్సిందీ ఇక్కడే. చెక్క పని అద్భుతంగా చేసి, చివర్లో రెడీమేడ్ క్రాసోవర్ బోర్డు ఒకటి తెచ్చి తగిలించే వాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. ఆ బోర్డుకి మీ వూఫర్ ఎవరో, మీ పెట్టె ఎంతో తెలియదు.

క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ ఎక్కడ పెట్టాలి? ఆరున్నర అంగుళాల వూఫర్ కోన్ పనిచేసే వ్యాసం సుమారు 13 సెం.మీ. తరంగం పొడవు అంతకు వచ్చే సరికి, అంటే 2600 హెర్ట్జ్ ప్రాంతంలో, శబ్దం పక్కలకి పరుచుకోవడం మానేసి టార్చిలైటులా ముందుకే పోతుంది. ట్వీటర్ రెసొనెన్స్ 1000 అయితే దాన్ని 2000 కిందికి దింపకూడదు. అందుకే రెండింటి మధ్య 2200 నుంచి 2500 వరకు చోటు దొరుకుతుంది.

పుస్తకాల్లో ఉండే సూత్రం ప్రకారం 8 ఓమ్‌లకి, 2500 హెర్ట్జ్ దగ్గర రెండో ఆర్డర్ లింక్‌విట్జ్-రైలీ (ఒక్కో వైపు ఒక కాయిల్, ఒక కెపాసిటర్ ఉండే రకం) క్రాసోవర్ ఇలా ఉంటుంది. వూఫర్‌కి వరసగా (సిరీస్‌లో) 1 మిల్లీహెన్రీ కాయిల్, దాని తర్వాత వూఫర్‌కి సమాంతరంగా 4 మైక్రోఫారడ్ కెపాసిటర్. ట్వీటర్‌కి వరసగా 4 మైక్రోఫారడ్, దాని తర్వాత సమాంతరంగా 1 మిల్లీహెన్రీ. ఈ పద్ధతిలో ట్వీటర్ ప్లస్, మైనస్‌లని తిరగేసి కలపాలి.

దీన్ని మొదటి మెట్టుగా మాత్రమే తీసుకోండి. ఈ సూత్రం వూఫర్ ఎప్పుడూ కచ్చితంగా 8 ఓమ్‌లు ఉంటుందని అనుకుంటుంది. నిజానికి అదే వూఫర్ రెసొనెన్స్ దగ్గర ముప్పై ఓమ్‌లు దాటొచ్చు, వాయిస్ కాయిల్ ఇండక్టెన్స్ వల్ల పై ఫ్రీక్వెన్సీల్లో మళ్లీ పెరుగుతూ పోతుంది. పై పెరుగుదలని అణచడానికి వూఫర్‌కి సమాంతరంగా ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ వరసగా కలిపి పెడతారు, దాన్ని జోబెల్ అంటారు. వూఫర్ డీసీ నిరోధాన్ని 1.25తో గుణిస్తే రెసిస్టర్ విలువ. ఇండక్టెన్స్‌ని ఆ విలువ వర్గంతో భాగిస్తే కెపాసిటర్. 6 ఓమ్‌లు, 0.5 మిల్లీహెన్రీ ఉన్న వూఫర్‌కి 7.5 ఓమ్‌లు, సుమారు 9 మైక్రోఫారడ్ వస్తాయి.

రెండో సంగతి ముందు పలక వెడల్పు. పై ఫ్రీక్వెన్సీలు పలక నుంచి ముందుకే వస్తాయి, కింది ఫ్రీక్వెన్సీలు పెట్టె చుట్టూ తిరిగి వెనక్కి కూడా పోతాయి. 115ని పలక వెడల్పుతో, మీటర్లలో, భాగిస్తే ఈ మార్పు జరిగే చోటు తెలుస్తుంది. మన 20.6 సెం.మీ. పలకకి అది 560 హెర్ట్జ్ దగ్గర. దాని కింద పూర్తిగా వెళ్లేసరికి 6 డెసిబెల్స్ దాకా పోతుంది, గదిలో గోడల వల్ల కొంత తిరిగొస్తుంది. దీన్ని పట్టించుకోకపోతే స్పీకర్ పలచగా, గీరుకుపోయే గొంతుతో ఉంటుంది. మందు ఏమిటంటే వూఫర్ కాయిల్‌ని లెక్కకన్నా పెద్దది వాడి మధ్య భాగాన్ని తగ్గించడం, ట్వీటర్‌ని ఆ స్థాయికి రెసిస్టర్లతో దించడం. 8 ఓమ్‌ల ట్వీటర్‌ని 3 డెసిబెల్స్ తగ్గించడానికి వరసగా 2.3, సమాంతరంగా 19 ఓమ్‌లు. 6 డెసిబెల్స్‌కి వరసగా 4, సమాంతరంగా 8. పది వాట్ల రెసిస్టర్లు వాడండి.

అసలు విలువలు ఎంతో కొలిస్తే తప్ప తెలియదు. కొలవడానికి కాలిబ్రేషన్ ఫైల్ (మైక్ సొంత తేడాల్ని సరిదిద్దే ఫైల్) ఉన్న మైక్రోఫోన్ ఒకటి, యాంప్లిఫైయర్, ల్యాప్‌టాప్, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. వూఫర్, ట్వీటర్ పెట్టెలో బిగించాక, వాటి నాలుగు వైర్లు వెనక టెర్మినల్ కోసం చేసిన రంధ్రంలోంచి బయటికి తీసి సందుని పుట్టీతో మూసేయండి. స్పీకర్‌ని గది మధ్యలో 1.2 మీటర్ల ఎత్తున పెట్టి, మైక్‌ని అదే ఎత్తులో ఒక మీటరు దూరంలో ఉంచండి. నేల నుంచి వచ్చే ప్రతిధ్వని, నేరుగా వచ్చే శబ్దం కన్నా నాలుగున్నర మిల్లీసెకన్ల తర్వాత చేరుతుంది, సాఫ్ట్‌వేర్‌లో అక్కడితో కత్తిరిస్తే సుమారు 220 హెర్ట్జ్ పైన కొలత నమ్మదగ్గది. కింది భాగానికి మైక్‌ని కోన్‌కి దాదాపు ఆనించినంత దగ్గరగా పెట్టి వేరుగా కొలవండి.

ట్వీటర్‌ని కొలిచేటప్పుడు ఎప్పుడూ ఒక కెపాసిటర్ వరసగా ఉంచండి, 10 మైక్రోఫారడ్ అయినా సరే. సాఫ్ట్‌వేర్ పంపే కింది ఫ్రీక్వెన్సీలు నేరుగా తగిలితే డోమ్ కాయిల్ కాలిపోవచ్చు. ఆ కెపాసిటర్ ప్రభావాన్ని తర్వాత డిజైన్‌లో లెక్కలోకి తీసుకోవాలి. ఈ కొలతల్ని, ఇంపిడెన్స్ (ఫ్రీక్వెన్సీని బట్టి ఓమ్‌లు ఎలా మారతాయో) కొలతనీ విటుయిక్స్‌క్యాడ్ అనే క్రాసోవర్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే భాగాలు మార్చుతూ గ్రాఫ్ ఎలా కదులుతుందో తెర మీదే చూడొచ్చు. ఇదంతా ఇప్పుడే వద్దు అనిపిస్తే, ఎవరైనా కొలిచి పూర్తిగా ప్రచురించిన డిజైన్ తీసుకుని అదే వూఫర్, అదే ట్వీటర్, అదే పలక వెడల్పుతో చేయండి. అది రాజీ కాదు, మంచి నిర్ణయం. వూఫర్‌ని మాత్రం ‘దాదాపు అలాంటిదే’ అని మార్చొద్దు.

భాగాలు బోర్డు మీద అమర్చేటప్పుడు రెండు కాయిల్స్‌ని దూరంగా, ఒకటి పడుకోబెట్టి ఇంకోటి నిలబెట్టి పెట్టండి. పక్కపక్కనే ఒకే దిశలో ఉంటే ఒకదాని అయస్కాంత క్షేత్రం ఇంకోదాన్లోకి వెళ్తుంది. కెపాసిటర్లు నాన్-పోలార్ రకమే అయ్యుండాలి. పవర్ సప్లైల్లో వాడే ప్లస్-మైనస్ ఉన్నవి ఇక్కడ పనికిరావు.

కలపడం, మొదటిసారి మోగించడం

వూఫర్ టెర్మినల్స్‌లో ఏది ప్లస్సో అనుమానముంటే 1.5 వోల్ట్ బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. బ్యాటరీ ప్లస్ తగిలిన టెర్మినల్ ప్లస్ అయితే కోన్ బయటికి కదులుతుంది. ట్వీటర్ మీద ఈ పరీక్ష చేయొద్దు. వూఫర్ స్క్రూలు చేత్తోనే బిగించండి, కోన్ మీద అట్టముక్క అడ్డం పెట్టుకోండి. మాగ్నెట్ స్క్రూడ్రైవర్‌ని లాగేసి కోన్‌కి చిల్లు పెడుతుంది. ఫ్రేము కింద సన్నటి ఫోమ్ టేపు వేయండి.

యాంప్లిఫైయర్‌కి తగిలించే ముందు స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి. 8 ఓమ్‌ల స్పీకర్ అయితే 5.5 నుంచి 7 మధ్య కనిపించాలి. సున్నా దగ్గరగా ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, యాంప్లిఫైయర్ ఆన్ చేయకండి. గాలి బిగువు చూడ్డానికి వూఫర్ కోన్‌ని నాలుగు వేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. అది తీరిగ్గా వెనక్కి రావాలి. టక్కున వచ్చేస్తే ఎక్కడో లీకు ఉంది.

వాల్యూమ్ బాగా తగ్గించి మోగించండి. మొదట మనిషి గొంతు ఒక్కటే ఉన్న రికార్డింగ్ వినండి. మనకి బాగా తెలిసిన శబ్దం మనిషి గొంతే, తేడా వెంటనే పట్టేస్తాం. తర్వాత ట్వీటర్ వైర్లు తిరగేసి మళ్లీ కొలవండి. డిజైన్ సరిగ్గా కుదిరితే, తప్పు దిశలో కలిపినప్పుడు క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ దగ్గర గ్రాఫ్‌లో లోతైన గుంట పడుతుంది. గుంట ఎంత లోతుగా, ఎంత సమంగా ఉంటే వూఫర్, ట్వీటర్ అంత కలిసి పనిచేస్తున్నట్టు. గుంట పడలేదంటే రెండింటి ఫేజ్ (తరంగాలు కలిసి కదిలే తీరు) కలవలేదు, క్రాసోవర్ దగ్గరికే మళ్లీ వెళ్లాలి.

రెండు స్పీకర్లూ, మీరూ సమబాహు త్రిభుజంలా ఉండేలా పెట్టి, ట్వీటర్‌ని చెవి ఎత్తుకి తెచ్చి కొన్ని రోజులు వినండి. గోడకి దగ్గరగా జరిపితే బాస్ పెరుగుతుంది, మూలకి జరిపితే ఇంకా పెరుగుతుంది. స్పీకర్ జరపడంతో సరిపోయేదానికి భాగాలు మార్చకండి. పై శబ్దం చెవిలో గుచ్చుతుంటే ట్వీటర్ వరస రెసిస్టర్‌ని అర ఓమ్ పెంచి చూడండి. ఇంత చిన్న మార్పుకే చెవికి తేడా తెలుస్తుంది. అందుకే ఈ పనంతా అయ్యేదాకా క్రాసోవర్‌ని బయటే ఉంచాలి. రెండో స్పీకర్ గ్రాఫ్ మొదటిదాని మీద ఒక డెసిబెల్ లోపు కూర్చున్నాక బోర్డుని పెట్టె అడుగున స్క్రూలతో బిగించి, వైర్లు దేనికీ తగిలి గలగలలాడకుండా కట్టి, దూది సర్ది వూఫర్‌ని మళ్లీ బిగించేయండి.